ఐదున్నర శ్రుతి నుంచి ఒకటిన్నరకి

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. దానికి ముందూ వెనకా కోట దగ్గర నుంచి మూడు లాంతర్ల దాకా ఎక్కడ స్టేజీ కట్టినా, పెద్ద ఆర్కెస్ట్రా ఎక్కే ముందు ఓ పదేళ్ళ పిల్లాడినో పిల్లనో పాడించడం మామూలే. మైకు స్టాండు కిందకి దించుతారు, అది సరిగ్గా బిగుసుకోదు, ఎవరో ఒకరు పట్టుకుని నిలబడతారు, ట్రాక్ మొదలవుతుంది, పిల్లాడు ఎక్కడా తడబడకుండా పైస్థాయి అందుకోగానే ముందు వరసలో ఫోన్లన్నీ పైకి లేస్తాయి. "గుంటడు బలే పాడతన్నాడ్రా" అంటారు. తెల్లారేసరికి ఆ వీడియో గజపతినగరం, చీపురుపల్లి, రాజాం వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి శ్రీకాకుళం చేరిపోతుంది. రథసప్తమికి అరసవల్లిలో ఇదే కథ, పిల్లాడు మాత్రం వేరే.

ఆ పిల్లాడికి పద్నాలుగేళ్ళు వచ్చాక ఏమైందో మాత్రం ఎవరూ వీడియో తియ్యరు. ప్రపంచంలో పేరు మోగిపోయిన బాలగాయకుల జీవితాలు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే, తర్వాతి బతుకు బాగుండటానికీ పాడవడానికీ టాలెంట్‌తో పెద్ద సంబంధం లేదనిపిస్తుంది. టాలెంట్ అందరికీ ఉంది. తేడా అంతా, పేరు వచ్చిన ఆ మూడు నాలుగేళ్ళలో పాటతో పాటు ఇంకేం పెరిగింది అన్న దగ్గరే ఉంది. చదువు సాగిందా, డబ్బు ఎవరి పేరున దాచారు, పాడిన పాట ఎవరిది, "ఇంక నేను పాడను" అంటే ఇంట్లో వినేవాళ్ళున్నారా.

ముందు గొంతు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. హార్మోనియం లెక్కలో ఆడవాళ్ళు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు, మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నరలో. గొంతు మారని మగపిల్లలదీ ఆడవాళ్ళ శ్రుతే. పిల్లల స్వరతంత్రులు పొట్టిగా, పలచగా ఉంటాయి కాబట్టి ఆ తేట, ఆ పైస్థాయి వాళ్ళకి ఊరికే వచ్చేస్తాయి, సాధన వల్ల వచ్చినవి కావు. ఈ ముక్క తల్లిదండ్రులకి ఎవరైనా ముందే చెప్పాలి. పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక గబగబా పెరుగుతుంది, మెడ మీద ముడి బయటికి కనిపించేది అప్పుడే. తంత్రులు పొడుగై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక పూర్తి స్థాయి కిందకి జారుతుంది, అంటే పై షడ్జం నుంచి కింది షడ్జానికి ఎంత దూరమో అంత. ఆడపిల్లల గొంతూ మారుతుంది గానీ రెండు మూడు స్వరస్థానాలు దిగి ఆగుతుంది, అందుకే బయటికి అంతగా తెలీదు. మగపిల్లాడికి మాత్రం కొన్ని నెలలపాటు ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో తనకే తెలీని స్థితి. నిన్న అందిన పంచమం ఇవాళ అందదు, మధ్యలో గొంతు రెండుగా చీలుతుంది. సంవత్సరం కిందట ఈలలు వేసినవాళ్ళే "ఆడి గొంతు ఏటైపోనాది" అంటారు. ఏమీ అయిపోలేదు, వాడు పెద్దవాడవుతున్నాడు.

అమెరికాలో బిల్లీ గిల్మన్ అనే కుర్రాడు 2000లో, 12 ఏళ్ళకే, కంట్రీ పాటల ఆల్బమ్‌తో దేశమంతా తెలిసిపోయాడు. తర్వాత గొంతు మారింది, కొంతకాలం పాట ఆపేయాల్సి వచ్చింది, తిరిగొచ్చేసరికి మార్కెట్ అక్కడ లేదు. మళ్ళీ జనం పెద్ద సంఖ్యలో అతన్ని చూసింది 2016లో, ఒక టీవీ పాటల పోటీలో కంటెస్టెంట్‌గా, అందులో రన్నరప్. పదహారేళ్ళ కిందట ఓసారి గెలిచేసిన మనిషి మళ్ళీ లైన్లో నిలబడి ఆడిషన్ ఇచ్చాడన్నమాట. వేల్స్‌కి చెందిన అలెడ్ జోన్స్ కథ దీనికి కొంచెం నయం. 1985లో అతని పాట బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్ళింది, కొన్నాళ్ళకే గొంతు మారింది. అతను సంగీతం, నాటకం చదువుకోడానికి వెళ్ళిపోయి, తర్వాత రేడియోలో, టీవీలో ప్రెజెంటర్‌గా స్థిరపడ్డాడు. పెద్ద గొంతుతో మళ్ళీ పాడాడు కూడా, కాకపోతే ఇల్లు గడవడానికి ఆ పాట మీదే ఆధారపడాల్సిన అవసరం అతనికి లేకపోయింది.

అదే వేల్స్‌లో పుట్టిన ఇంకో పిల్ల కథ మాత్రం వివరంగా చెప్పుకోవాలి. షార్లెట్ చర్చ్ 1986 ఫిబ్రవరి 21న కార్డిఫ్‌లో పుట్టింది. 11 ఏళ్ళప్పుడు ఓ టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి, ఆ ఫోన్లోనే ఓ లాటిన్ ప్రార్థన గీతం పాడింది. మన దగ్గర ఒకప్పుడు ఆకాశవాణి బాలల కార్యక్రమంలో పాడటానికి పిల్లలు ఎగబడేవాళ్ళు కదా, అలాంటి సరదాయే. ఆ ఫోన్ తర్వాత 1998లో మొదటి ఆల్బమ్ వచ్చింది. దానికి పెట్టిన పేరుకి అర్థం "దేవదూత గొంతు". రాణి ముందు, పోప్ ముందు, అమెరికా అధ్యక్షుడి ముందు పాడింది. 2007 నాటికి ప్రపంచమంతా కలిపి ఆమె రికార్డులు కోటికి పైగా అమ్ముడయ్యాయి.

ఆ ఆల్బమ్ పేరే ఆమెకి ఉచ్చు అయింది. దేవదూత పెద్దదవదు, సిగరెట్ కాల్చదు, ప్రేమలో పడదు, మేనేజర్‌తో గొడవ పెట్టుకోదు. షార్లెట్ ఇవన్నీ చేసింది, ఆ వయసు పిల్లలు చేసేవే. 2000లో మేనేజర్‌ని తీసేశారు, అతను కోర్టుకెక్కాడు, చివరికి డబ్బిచ్చి రాజీ పడ్డారు. అప్పటికి ఆమెకి నిండా పదిహేనేళ్ళు లేవు. పదహారు దాటేసరికి అక్కడి టాబ్లాయిడ్ పత్రికలు ఆ ఇంటి ముందే మకాం వేశాయి.

2011 నవంబర్‌లో బ్రిటన్ పత్రికల తీరు మీద జరిగిన లెవిసన్ విచారణలో ఆమె స్వయంగా సాక్ష్యం చెప్పింది. 13 ఏళ్ళప్పుడు మీడియా యజమాని రూపర్ట్ మర్డోక్ పెళ్ళిలో పాడమన్నారనీ, లక్ష పౌండ్లు తీసుకుంటావా, డబ్బు వదులుకుంటే మా పత్రికల్లో నీ గురించి మంచిగా రాస్తాం అన్నారనీ, చుట్టూ ఉన్న పెద్దలు రెండోదే మేలన్నారనీ ఆమె చెప్పింది. మర్డోక్ కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. ఆమె చెప్పినట్టే జరిగి ఉంటే ఆ మంచి రాతలు ఎన్నాళ్ళు నిలిచాయో ఊహించుకోవచ్చు, ఎందుకంటే అదే సంస్థ పత్రిక కోసం ఆ కుటుంబం ఫోన్లు హ్యాక్ అయ్యాయి, 2012 ఫిబ్రవరిలో కోర్టు ఖర్చులతో కలిపి 6 లక్షల పౌండ్లు ఇచ్చి ఆ కేసు తేల్చుకున్నారు. 13 ఏళ్ళ పిల్లకి "డబ్బు కావాలా, పలుకుబడి కావాలా" అని బేరం పెడితే, జవాబు చెప్పేది ఆ పిల్ల కాదు, పక్కనున్న పెద్దలు. నష్టం వస్తే మాత్రం పిల్లదే.

అయినా ఆమె కూలిపోలేదు. సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం 18 ఏళ్ళు నిండేదాకా ట్రస్టులో ఉండటం ఒక కారణం. 2005లో పూర్తిగా పాప్ ఆల్బమ్ చేసింది, అందులో ఓ పాట బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్ళింది. తర్వాత సొంత టీవీ షో, ఆ తర్వాత పెద్ద కంపెనీలని వదిలేసి చిన్న చిన్న రికార్డులు, స్నేహితులతో కలిసి పబ్‌లలో, సంగీత ఉత్సవాల్లో పాత పాప్ పాటల కచేరీలు. 2013లో బీబీసీ రేడియో వాళ్ళ ఓ వార్షిక ప్రసంగంలో, పంతొమ్మిది ఇరవై ఏళ్ళప్పుడు తన మీద పొట్టి బట్టల ఒత్తిడి ఎలా పెట్టారో, రికార్డు కంపెనీ బల్ల చుట్టూ కూర్చున్న మగవాళ్ళు ఎంత మామూలుగా మాట్లాడేవారో దాచుకోకుండా చెప్పింది. ఇప్పుడు వేల్స్ పల్లెల్లో మనుషులు వచ్చి నాలుగు రోజులు నెమ్మదిగా గడిపి వెళ్ళే ఓ విడిది నడుపుతోంది. దీన్ని "అయ్యో, ఎక్కడ నుంచి ఎక్కడికి" అనుకునేవాళ్ళు ఉంటారు. పదకొండేళ్ళకి మొదలెట్టిన ఉద్యోగాన్ని తనకి నచ్చిన వయసులో తనే తగ్గించుకుంది అని కూడా చూడొచ్చు కదా.

మన ఊళ్ళలో "దేవదూత" అని పెట్టం గానీ "జూనియర్ ఘంటసాల", "బుల్లి సుశీల", "చిన్నారి చిత్ర" అని ఫ్లెక్సీ మీద వేసేస్తాం. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టిన రోజు నుంచీ పిల్లాడు పాడాల్సింది ఎవరి పాటలో, ఏ గొంతులో పాడాలో తేలిపోయినట్టే. గొంతు మారాక ఆ పేరూ పోతుంది, దాని బదులు ఇంకో పేరు ఎవరూ పెట్టరు.

పేర్ల గురించి ఓ చిన్న ముచ్చట. స్టీవీ వండర్ 1963లో 13 ఏళ్ళకే అమెరికా పాప్ చార్టులో 1వ స్థానానికి వెళ్ళినప్పుడు రికార్డు మీద "లిటిల్" అని ఉండేది. కొద్దికాలానికే అది తీసేశారు. మన మంగళంపల్లి వారి పేరు మురళీకృష్ణ, ఎనిమిదేళ్ళ వయసులో ఆయన కచేరీ విన్న హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముందు "బాల" చేర్చారు. అది 2016లో 86 ఏళ్ళకి ఆయన పోయేదాకా అలాగే ఉంది, ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఎందుకంటే ఇద్దరి దగ్గరా గొంతు కాక వేరే సరుకు ఉంది. బాలమురళి చిన్నతనంలోనే 72 మేళకర్త రాగాల్లో కృతులు కట్టడం మొదలుపెట్టారు, వయొలిన్, వయోలా వాయించేవారు. స్టీవీ వండర్ చిన్నప్పుడే హార్మోనికా, పియానో, డ్రమ్స్ వాయించేవాడు. గొంతు మారుతుంటే కంపెనీ అనుమానంలో పడింది, అతను పాటలు రాయడంలో, బాణీలు కట్టడంలో పడ్డాడు. 1971లో 21 నిండగానే పాత కాంట్రాక్టు ముగించుకుని, తన పాట మీద తన మాటే చెల్లేలా కొత్తది రాయించుకున్నాడు. 1970లలో ఆ ఏటి మేటి ఆల్బమ్‌కి ఇచ్చే గ్రామీ మూడుసార్లు గెలిచింది ఆ తర్వాతే. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కూడా బాలమేధావే, అయితే వాయిద్యానికి యవ్వనం రాదు కాబట్టి ఆ ఒక్క గండం ఆయనకి లేకుండా పోయింది.

పాప్ అనగానే మన తరానికి ముందుగా గుర్తొచ్చే పిల్ల నాజియా హసన్. 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది, లండన్‌లో పెరుగుతూ చదువుకుంటోంది. 1980లో "ఖుర్బానీ" సినిమాకి బెంగళూరులో పుట్టిన బిద్దు బాణీలో ఒక్క పాట పాడింది. అప్పటికి 15 ఏళ్ళు. ఆ పాట పెళ్ళి పందిరి లౌడ్ స్పీకర్‌లో వినబడని ఊరు లేదు, హిందీ ముక్క రానివాళ్ళు కూడా పల్లవి పాడేసేవారు. ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. 1981లో తమ్ముడు జోహెబ్‌తో కలిసి చేసిన డిస్కో ఆల్బమ్ ఉపఖండం అంతా ఊపేసింది. సినిమా లేకుండా పాట బతకగలదని మన దేశాల్లో గట్టిగా చూపించింది వీళ్ళే అనొచ్చు. 1992లో ఐదో ఆల్బమ్ వచ్చింది. అంతే, ఆపేసింది.

ఆపడం అంటే ఓడిపోయి ఆపడం కాదు. ఈ పదకొండు పన్నెండేళ్ళలో ఆమె లండన్‌లో బిజినెస్, ఎకనామిక్స్ డిగ్రీ చేసింది, లా చదివింది, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో పని చేసింది. పాట ఆమె బతుకులో ఓ గది, ఇల్లంతా కాదు. మరి ఆమె తర్వాతి జీవితం సుఖంగా సాగిందా అంటే, లేదు. క్యాన్సర్ వచ్చింది, 2000 ఆగస్టు 13న లండన్‌లో 35 ఏళ్ళకే పోయింది. చదువుకున్నంత మాత్రాన కష్టాలు రావని ఎవరూ అనలేరు. కానీ 27 ఏళ్ళకి "ఇంక పాడను" అనుకున్నప్పుడు ఆమెకి వెళ్ళడానికి చోటుంది, ఈ లెక్కలో చూడాల్సింది అదే.

డబ్బు దగ్గరకొద్దాం. పిల్లల సంపాదనకి తాళం వెయ్యాలన్న ఆలోచన ఓ పిల్ల నటుడి కడుపు మంట నుంచి పుట్టింది. చాప్లిన్ పక్కన 1921లో నటించిన జాకీ కూగన్ చిన్నతనంలో లక్షల డాలర్లు సంపాదించాడు, 21 ఏళ్ళు వచ్చి చూసుకుంటే ఏమీ లేదు, తల్లీ మారుతండ్రీ ఖర్చు పెట్టేశారు. 1938లో వాళ్ళ మీదే కేసు వేశాడు, లక్షా పాతిక వేల డాలర్ల చిల్లర చేతికొచ్చింది. ఆ గొడవతో 1939లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2000 నుంచి అక్కడ పిల్లల సంపాదనలో 15 శాతం విడిగా దాచాలి, సంపాదించిందంతా పిల్లలదే గానీ తల్లిదండ్రులది కాదు.

మన దేశంలోనూ ఇలాంటిది ఉందని చాలామందికి తెలీదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో దాని కింద నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పిల్లల్ని షూటింగ్‌లో పెట్టుకునే నిర్మాత ఆ షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర, అంటే కలెక్టర్ దగ్గర, అనుమతి తీసుకోవాలి. పిల్ల విజయనగరంది, షూటింగ్ హైదరాబాద్‌లో అంటే అనుమతి ఇవ్వాల్సింది అక్కడివాళ్ళు. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకి మించి నడవకూడదు, బడి చదువు ఆగకూడదు. పిల్లకి వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజర్ అయ్యాకే తీసుకోవాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. కాకపోతే రాత్రి రైలెక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, ఆటో బేరమాడుకుని స్టూడియోకి వెళ్ళిన తండ్రి "మా పిల్ల పేరు మీద డిపాజిట్ రసీదు ఏదండీ" అని అడుగుతాడా? ఛాన్స్ ఇచ్చారు అదే పదివేలు అనుకుంటాడు. డబ్బు వచ్చే మాట పక్కన పెడితే, పిల్లకి డ్రెస్సులు, తోడు వెళ్ళేవాళ్ళ టికెట్లు, గది అద్దె, పోయిన పనిరోజులు, ఇవన్నీ చేతి నుంచే పడుతున్న ఇళ్ళు ఎక్కువ. ఇక పండగ స్టేజీల సంగతి చెప్పక్కర్లేదు, శాలువా, మెమెంటో, ఓ కవరు. కవర్లో ఎంతుందో పాడిన పిల్లకి తెలిసేది తక్కువ.

ఇంకో ముఖ్యమైన చిక్కు పాట ఎవరిదీ అన్నది. టీవీలోనూ స్టేజీ మీదా పిల్లలు పాడేవన్నీ ఎప్పుడో ఎవరో పాడిన సినిమా పాటలు. హక్కులు ఆడియో కంపెనీవి. ఆ పాటనే పిల్లాడు యూట్యూబ్‌లో సొంత ఛానెల్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, వచ్చే నాలుగు రూపాయలూ కంపెనీకి పోతాయి. షోలో పాడిన వీడియో అయితే ఛానెల్ ఆస్తి. కోటిమంది చూసినా పిల్లాడికి మిగిలేది పేరు ఒక్కటే, ఆ పేరు కూడా పాత గొంతుకి చెందింది. సినిమావాళ్ళు ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నారు. తెరమీద చిన్నపిల్లలు పాడే పాటలు మన సినిమాల్లో చాలాకాలం పెద్ద గాయనులే పాడారు, ఎస్. జానకి చిన్నపిల్ల గొంతు పెట్టి పాడితే తేడా పట్టుకోవడం కష్టం. నిజం పిల్లని తెస్తే రెండేళ్ళలో గొంతు మారుతుంది, జానకి గారు రేపూ వస్తారు.

టీవీ పోటీలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తప్పు ఎక్కడ పడిందో తనే పాడి చూపించి, ఆ పాట రాసినవారి గురించి, బాణీ గురించి నాలుగు ముక్కలు చెప్పేవారు. ఓడిన పిల్ల కూడా ఏదో నేర్చుకుని ఇంటికెళ్ళేది. తర్వాత వచ్చిన కొన్ని షోల్లో ఎలిమినేషన్, ఏడుపు, ఆ ఏడుపు మీద వయొలిన్ బిట్ ఎక్కువైపోయాయి. శ్రీకాకుళంలో పుట్టిన రేవంత్ 2017లో హిందీ ఇండియన్ ఐడల్ గెలిచాడు, అప్పటికి అతనికి 26 ఏళ్ళు, గొంతు కుదురుకుంది, సినిమాల్లో పాడుతున్నాడు. పోటీ అతనికి ఇంకో మెట్టు అయింది. పదేళ్ళ పిల్లకి అదే పోటీ మొదటి మెట్టూ చివరి మెట్టూ అయిపోయే ప్రమాదం ఉంది, ఓడినందువల్లే కాదు, గెలిచినా సరే.

ఇదంతా చెప్పుకుంటూ విజయనగరం గురించి చెప్పకపోతే తప్పు. ఈ ఊరు ఒకప్పుడు ఓ బాల కళాకారుడిని తెచ్చుకుని పెద్ద గాయకుడిగా పంపింది. ఘంటసాల వెంకటేశ్వరరావు చిన్నప్పుడు తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే నాట్యం చేసేవారు, చూసినవాళ్ళు "బాలభరతుడు" అనేవారు. చైల్డ్ స్టారే ఒక రకంగా. పదకొండో ఏట తండ్రి పోయారు. ఆట ఆగిపోయింది. తర్వాత సంగీతం నేర్చుకోవాలని ఉన్న బంగారు ఉంగరం అమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి విజయనగరం వచ్చారు. వచ్చేసరికి వేసవి సెలవులు, కాలేజీ మూసి ఉంది. ఆ తర్వాత పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి నేర్పడం, ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తుకుని తింటూ చదువుకోవడం ఈ ఊళ్ళో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఇక్కడ గమనించాల్సింది ఆకలి కథ కాదు. బాలభరతుడు అనే పేరుకీ సినిమా పాటకీ మధ్య ఎవరూ చప్పట్లు కొట్టని కొన్నేళ్ళున్నాయి. గొంతు కుదురుకునే వయసు సాధనలో గడిచింది, స్టేజీ మీద కాదు.

ఆయన చదివిన మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టింది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ నేర్చుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడిని విద్యార్థిగా కాదు, ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్తారు, తర్వాత ఆయన ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. విజయనగరంలోనే 1935లో పుట్టిన పి. సుశీల కూడా ఈ కాలేజీలో నేర్చుకున్నదే. ఆవిడ 1950ల మొదట్లో టీనేజ్‌లో మద్రాసులో సినిమాకి పాడటం మొదలుపెట్టారు, ఏవీఎం వాళ్ళు నెల జీతం మీద పెట్టుకున్నారు. చిన్న వయసే, కానీ చేతిలో డిప్లొమా ఉంది, నెలనెలా జీతం ఉంది. ఒక పాట హిట్టయితే ఆకాశం, లేకపోతే పాతాళం అన్న టెన్షన్ లేదు. 2016లో 17,695 పాటలతో గిన్నిస్ రికార్డు ఆవిడ పేరున నమోదైంది. అన్ని పాటలు పాడాలంటే గొంతు ఒక్కటే ఉంటే సరిపోదు, దాన్ని దశాబ్దాల పాటు కాపాడుకోవడం తెలియాలి.

అందరూ కాలేజీలో చేరాలని కాదు. ఉత్తరాంధ్ర జానపదంలో ఈ గొంతు సమస్యకి ఇంకో జవాబు ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. తప్పెటగుళ్ళు చూడండి. గుండెకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో గుంపుగా ఆడుతూ పాడతారు. కుర్రాడు చిన్నప్పుడే గుంపులో చేరతాడు. గొంతు మారే రోజుల్లో పాట తగ్గించి అడుగు మీద, తప్పెట మీద ఉంటాడు, గుంపు పాడుతూనే ఉంటుంది, మళ్ళీ గొంతు వచ్చాక అందుకుంటాడు. మధ్యలో ఎవరూ "ఏటైపోనాది" అనరు, అసలు గమనించరు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలోనూ ముందు వంత పాడటం, తర్వాతే కథ చెప్పడం. పైగా ఆ పాటకి గొంతు నున్నగా ఉండక్కర్లేదు, కాస్త పగిలితేనే దమ్ము. ఇప్పుడు శ్రీకాకుళం యాస పాటలకి యూట్యూబ్‌లో గిరాకీ వచ్చి, ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని ఒంటరిగా కెమెరా ముందు నిలబెట్టి పాడిస్తున్నారు. పాటకి గిరాకీ రావడం మంచిదే. కానీ గుంపులో పాడే పాటని ఒక్క పిల్ల మీద పెట్టడంతో, గుంపు ఇచ్చే ఆ చాటు పోతోంది. థంబ్‌నెయిల్ మీద పిల్ల మొహం, కింద కామెంట్లు చదివేది కూడా ఆ పిల్లే.

తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. మైకేల్ జాక్సన్ 1993లో ఓప్రా విన్‌ఫ్రే ఇంటర్వ్యూలో తండ్రి కొట్టేవాడని, చిన్నతనం పోగొట్టుకున్నానని చెప్పినప్పటి నుంచీ బాలగాయకుడి తండ్రి అంటే అందరికీ ఆ బొమ్మే. మన ఊళ్ళలో కనిపించే తండ్రి అలాంటివాడు కాదు. తనకి పాట ఇష్టం, నేర్చుకునే వీలు లేకపోయింది, పిల్లకి వచ్చింది, ఆనందంతో ఊరంతా తిప్పుతున్నాడు. అతను అడగాల్సిన ప్రశ్నలు అతనికి ఎవరూ చెప్పలేదు. రికార్డింగ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ వీడియో హక్కు ఎవరిది, ఎన్నేళ్ళకి, డిపాజిట్ ఏ బ్యాంకులో, పరీక్షలప్పుడు షూటింగ్ పెడితే రాకపోయినా పరవాలేదా, ఇంతే. పిల్లని కూడా ఓ మాట అడగాలి, అదీ స్టేజీ దిగిన వెంటనే చప్పట్ల వేడిలో కాదు, ఓ ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా, వచ్చే ఏడాది కూడా పాడాలనుందా అని.

గొంతు మారుతున్న మగపిల్లాడి విషయంలో తెలిసిన గురువులు చేసేది చాలా సాదా పని. పైస్థాయి పాటలు కొన్నాళ్ళు ఆపించేస్తారు, అరిచి అందుకోనివ్వరు, బొంగురుగా ఉన్న రోజున తాళం వేయిస్తూ స్వరాలు రాయిస్తారు, వినమంటారు. గొంతు ఎక్కడ ఆగుతుందో తేలాక శ్రుతిపెట్టె తిప్పి ఒకటికో ఒకటిన్నరకో పెడతారు. రెండేళ్ళ కిందట స్టేజీ మీద పెద్దవాళ్ళ పాటలు పాడేసిన కుర్రాడు అప్పుడు చిన్నపిల్లల మధ్య చాప మీద కూర్చుని, తన కొత్త గొంతుతో మళ్ళీ మొదటి కాలం సరళీ వరసలు అందుకుంటాడు.